వెచ్చన అంటే ఎంత

"లక్ష డిగ్రీలు నాన్నా.
దాన్ని మేము వెచ్చన అంటాం."

బెవర అప్పలసూరి,
తేరుబలి ఫెర్రోక్రోమ్ కొలిమి దగ్గర
ముప్పై ఒక్క ఏళ్ళు టాపింగ్ చేసినవాడు,
కాలిన ఎడమ కనుబొమ్మ మళ్ళీ మొలవనివాడు,
మజ్జిగ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.
"వెచ్చనంటే ఏటి? చంటిపిల్లకి నీళ్ళు తోడినట్టా?"

పేరు పెట్టినవాళ్ళెవరో
సూర్యుడి నడిబొడ్డుని పక్కన పెట్టుకుని కొలిచినట్టున్నారు.
గడ్డగా ఉండాల్సింది గడ్డగా ఉండదు,
ఆవిరవాల్సింది ఆవిరవదు.
గురుగ్రహం కడుపులో ఉంటుందట.
భూమ్మీదైతే లేజరు దెబ్బకి పుట్టి
రెప్ప కదిలేలోపే పోతుంది.
చూద్దామంటే దొరకదు. అందుకే లెక్క.

రాయగడలో, రైలుకట్ట వెనక అద్దె మేడ మీద
నా దగ్గరున్నది ఒక పెట్టె.
అందులో అరవై నాలుగు అల్యూమినియం పరమాణువులు.
కిటికీ కింద అదే అల్యూమినియం
ఇంకా తెల్లపొడిగానే విశాఖ వైపు పోతుంటుంది.
యాభై ఎనిమిది వ్యాగన్లు,
లెక్కపెట్టడం నా చెడ్డ అలవాటు.
నా పెట్టెలోంచి మటుకు ఏదీ పోదు:
ఈ గోడ దాటిన కణం
ఎదుటి గోడలోంచి లోపలికొస్తుంది.
అలా రాసుకున్నాం. లేకపోతే అంచుల దగ్గర లెక్క చెడుతుంది.

గొడవంతా ఎలక్ట్రాన్లది.
చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా మెట్టుకొక జంట.
వేడెక్కేసరికి
ఈ మెట్టు మీద ముప్పావు, పై మెట్టు మీద పావు,
ఎక్కడో వెయ్యో మెట్టు మీద చిటికెడు.
చిటికెడే కదా అని వదిలేస్తే పీడనం తప్పొస్తుంది.
వదలకుండా మెట్లు కట్టుకుంటూ పోతే
మెమరీ నిండి, తెల్లవారుజాము మూడింటికి జాబ్ చచ్చిపోతుంది.

జనాభా లెక్కలాయన వచ్చినప్పుడు
మాతృభాష గడిలో ఒకటే రాయాలన్నాడు.
తెలుగు, అన్నాడు నాన్న.
లేడిళ్ళు లెక్కపెట్టింది మాత్రం ఏక్, దుయి, తిని.
కొలిమి నోరు బిగిసినప్పుడు తిట్టింది కువిలో,
పక్క పాళీ జకసిక సోమ్రా దగ్గర నేర్చిన తిట్టు.
పావులూ ముప్పావులూ ఎక్కడ రాసుకుంటాడు, పాపం,
ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

కుముద్ సాబత్ బరంపురం నుంచి ఫోన్ చేసి
ఆ దారి వదిలెయ్, మాంటీ కార్లో పట్టు, అంటాడు.
పట్టాను. అక్కడింకో తంటా.
రెండు ఎలక్ట్రాన్లు చోటు మార్చుకుంటే గుర్తు తిరగబడుతుంది.
ప్లస్ కోటి, మైనస్ కోటి,
కొట్టివేతలు పోగా మిగిలిన పావలాలో ఉందట నిజం,
చుట్టూ వంద రూపాయల గోల.
చిట్టీల కాంతమ్మ పద్దుపుస్తకం ఇలాగే ఉండేది:
అందరికీ ఇచ్చి, అందరి దగ్గరా పుచ్చుకుని
తనకి మిగిలిందెంతో తనకే తెలీదు.
పైగా, చల్లబరిచేకొద్దీ ఈ గోల పెరుగుతుంది.

"మరి సరిపోయిందని ఎలగ తెలుస్తాది నీకు?
మేమైతే రంగు చూసీవోళ్ళం.
తంగేడుపువ్వు పసుపు దాటి తెల్లబడిందా,
పైపు పెట్టీడమే."

నాకు రంగు లేదు నాన్నా.
అంకె వెనక అంకె.
రెండింటి మధ్యా తేడా తగ్గుతుందేమోనని కూచోడం.

"తగ్గుతోందా?"

అప్పుడే కరెంటు పోయింది.
ఫ్యాను ఆగాక లాప్‌టాప్ రొద ఒక్కటే మిగిలింది.
ఆయన అరిచేతికి స్పర్శ పోయి చాలా ఏళ్ళయింది,
అందుకని చెయ్యి తిరగేసి
జ్వరం చూసినట్టు, దాని అడుగున మెటిమలు ఆనించాడు.
"ఇదీ, వెచ్చనంటే," అన్నాడు.

నేనేం అనలేదు.
తెర మీద నూట నలభై రెండో చుట్టు.
తేడా నాలుగో దశాంశం దాకా దిగి,
కాసేపు అక్కడే తచ్చాడి,
మళ్ళీ పెరగడం మొదలెట్టింది.